ఎర్ర టోపీ

"టోపీ సంగతి రేపు పొద్దున చెప్తాను. మంచు చదును చేసే బండి తోలుకుంటూ దారంతా చూసొచ్చాకే," అంది లరూ.

మాట అందరితోనే అంది గానీ, ఆవిడ చూపు మాత్రం రాయిస్ మీదే ఉంది. అది చూసి ఆర్లోకి కడుపు భగ్గుమంది.

ఐడహో కొండల్లో ఆ ఊరివాళ్లు ఏటా మంచు ముదరక ముందే ఓ పదిమంది సంఘంగా కూడి అడవి దారిని బాగుచేస్తారు. తలా ఒక ముక్క పంచుకుని, పడిన చెట్లు కోసి, కొమ్మలు లాగేసి, చలికాలమంతా స్కీల వాళ్లూ మంచుబండ్ల వాళ్లూ తిరిగేలా దారి తెరిచి ఉంచుతారు. ఇందులో ఎవరికీ చిల్లిగవ్వ రాదు. ఎవరి ముక్క బాగుందని పెద్దమనిషి లరూ అంటుందో, వాళ్లకి సంఘం వాళ్ల పాత ఎర్ర టోపీ దక్కుతుంది. చెమట వాసన కొట్టే ఆ ఉన్ని టోపీ అంటే ఆర్లోకి ప్రాణం. నిరుడంతా అది అతని తల మీదే ఉంది.

ఈ ఏడు కొత్తగా రాయిస్ దిగాడు. వాగు మీది చెక్క వంతెన దాకా అతని ముక్క ఊడ్చిన వాకిలిలా ఉంది.

"ఏమయ్యా రాయిస్, దారిని చీపురు పెట్టి ఊడుస్తున్నావా ఏంటి?" అన్నాడు ఆర్లో, పళ్లు బిగించి నవ్వుతూ.

"మీ దగ్గర చూసి నేర్చుకున్నదేనండీ," అన్నాడు రాయిస్.

ఆ మర్యాదకి ఆర్లో ఒళ్లు ఇంకా మండింది.

అతని భార్య నెడ్రా స్కీలు తొడుక్కుంటోంది. వంతెన అవతల, వచ్చినవాళ్లు చలి కాచుకునే గుడిసె ఉంది. దాన్ని చూసుకోవడం ఆవిడ వంతు.

"కట్టెలు సర్ది వస్తాను. వాన పట్టుకుంటే అక్కడే పడుకుంటా, నాకోసం చూడకు," అంది. "ఆ మొహం కాస్త సరిచేసుకో. టోపీ పోతే తలకాయే పోయినట్టు!"

చీకటి పడబోతుండగా ఆర్లో ఒక్కడే మోటారు రంపం పట్టుకుని రాయిస్ ముక్కలోకి వెళ్లాడు. ఒంటరిగా ఎవరూ రంపం పట్టకూడదని సంఘంలో కట్టుబాటు. ఆ కట్టుబాటు పెట్టించిందే ఆర్లో. వంతెనకి ఇవతల ఎండిన పైన్ చెట్టొకటి ఉంటే, దాన్ని సరిగ్గా దారికి అడ్డంగా పడగొట్టాడు. పొద్దున లరూ వచ్చి చూస్తుంది. రాయిస్ చెట్టు కొట్టి, ముక్కలు చేసి లాగెయ్యడానికి బద్ధకించి ఇంటికి పోయాడనుకుంటుంది. అంతే చాలు. అవతల గుడిసె మీంచి పొగ లేస్తోంది. ఆర్లో అటు చూడనైనా లేదు. తృప్తిగా ఇంటికి వెళ్లి, కడుపునిండా తిని పడుకున్నాడు. రాత్రంతా మంచు మీద వాన కురిసింది.

పొద్దున సంఘం షెడ్డులో అందరూ పాన్‌కేకులు తింటుంటే లరూ వణుకుతూ వచ్చి కుర్చీలో కూలబడింది.

"వంతెన లేదర్రా! వానకి మంచు కరిగి, వాగు పొంగి ఎత్తుకుపోయింది! దారికడ్డంగా చెట్టు పడుంటే తిట్టుకుంటూ బండి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో, ఎదురుగా వంతెనే లేదు. ఆ చెట్టే లేకపోతే ఆ మసకచీకట్లో బండితో సహా వాగులో ఉండేదాన్ని."

"నెడ్రా?" అన్నాడు ఆర్లో. పళ్లెం పక్కకి తోసి లేచాడు.

"బండిలోని రేడియోలో తనతో మాట్లాడాను. రాత్రి గుడిసెలోనే పడుకుందట. కొండ చుట్టూ తిరిగి వస్తోంది. నీ పెళ్లానికేం కాలేదులే."

ఆర్లో హమ్మయ్య అనుకున్నాడు. అనుకునేలోపే లరూ లేచి ఎర్ర టోపీ తీసి రాయిస్ తలకి తగిలించింది.

"అది గాలికి పడిన చెట్టు కాదు, రంపంతో కొట్టింది. వంతెన ఊగడం చూసి అడ్డం వేశావు కదూ? నా ప్రాణం నిలబెట్టావు నాయనా!"

రాయిస్ బిక్కమొహం వేశాడు. "నేను కాదండీ. నేనే చెట్టూ కొట్టలేదు."

"చూశారా! నిండు కుండ తొణకదంటే ఇదే!"

చప్పట్లు మోగాయి. ఎవరో రాయిస్ పళ్లెంలో ఇంకో రెండు సాసేజ్‌లు వేశారు. "ఈ ఏడే కాదు, ఇక ఆ టోపీ ఎప్పటికీ నీదేనోయ్!" అన్నారు ఇంకెవరో.

ఆర్లో కాఫీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టాడు. రంపం తనది, చెమట తనది, టోపీ వాడికా? ఆ చెట్టు ఎందుకు కొట్టాడో కూడా ఆ క్షణాన అతనికి గుర్తులేదు.

"వాడు కాదని మొత్తుకుంటున్నాడు కదా! కొట్టింది నేను!"

అందరూ ఇటు తిరిగారు. "నువ్వా? వాడి ముక్కలో నీకేం పని?" అంది లరూ.

"నిన్న చీకటి పడే ముందు అటు వెళ్లాను. అప్పటికే వంతెన ఒక పక్క విరిగి వేలాడుతోంది. ఎవరైనా పడి చస్తారని చెట్టు అడ్డం వేశాను. చేసింది చెప్పుకోవడం దేనికని ఊరుకున్నాను."

అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందంటే, ఆర్లోకే నిజమనిపించింది. రాయిస్ తనే టోపీ తీసి తెచ్చి అతని తలకి పెట్టాడు. లరూ కళ్లు తుడుచుకుంటూ కావలించుకుంది. మళ్లీ చప్పట్లు. ఈసారి రాయిస్ కూడా కొడుతున్నాడు. ఆర్లో టోపీని చెవుల దాకా లాక్కున్నాడు. అతని కడుపు చల్లబడింది.

అప్పుడు చూశాడు తలుపు వైపు. మోకాళ్ల దాకా తడిసి, చేతిలో స్కీలతో నెడ్రా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో గానీ, అంతా విన్నట్టే ఉంది.

"వంతెన విరిగిందని నిన్న సాయంత్రమే చూసి," అంది ఆవిడ, "నన్ను దానికి అవతల వదిలేసి, ఇంటికెళ్లి పడుకున్నావా ఆర్లో?"