భాగీరథమ్మ వేసిన ఒట్టు

ముప్పై ఏళ్ళకే రక్తపోటు మాత్ర మింగే మనిషిని, అది ఎందుకు వచ్చిందని ఎవరైనా అడిగారా?

దర్శన్‌ను ఎవరూ అడగలేదు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, పెరిగిన నడుము, మెడ వెనక ముదిరిన నలుపు. ఆ నలుపు గొలుసు రాపిడి అని తల్లి భాగీరథమ్మ తీర్మానించింది.

ఆ ఉదయం పెళ్ళికూతురు నళిని తరఫువారు దొడ్డబళ్ళాపురం నుంచి అబ్బాయి ఇల్లు చూడడానికి వస్తున్నారు. భాగీరథమ్మ కొడుకు మెడను శనగపిండితో కందేదాకా రుద్దింది. మాత్రలను బియ్యం డబ్బాలో దాచి, ఈ పూటకు వద్దంది.

నళిని తండ్రి గురప్ప వెంట సమీనా అనే పెద్దావిడ వచ్చింది. పొరుగావిడ అన్నారు. ఆమె దర్శన్‌ను కాసేపు పరికించి చూసింది.

"బీపీ ఉండాదా అప్పా?"

దర్శన్ తల్లి వైపు చూశాడు.

"మావాడికి జలుబు కూడా రాదు," అంది భాగీరథమ్మ.

"ఆ మెడ చూడమ్మా. ఒంట్లో ఇన్సులిన్ ఉండాది, సరిగ్గా పనిచేయడం లేదు. అందుకే ఇంకా ఇంకా ఊరతాది. అది ఎక్కువైతే కిడ్నీలు ఉప్పును వదలవు, బీపీ ఎక్కుతాది. ఒట్టి బీపీ మాత్రతో సరిపోదు. తిండి, నడక మారాల. ఉండాదని ఒక్క మాట చెప్పు, చాలు."

"సుమ్మనే నోరు మూసుకొని ఉండు తల్లీ. సంబంధం చెడగొట్టేదానికి వచ్చినావా?"

భాగీరథమ్మ కొడుకు తల మీద చెయ్యి పెట్టి, వాడికి ఏ జబ్బూ లేదని ఒట్టు వేసింది.

దర్శన్ ఆ చెయ్యి కింద తల వంచుకున్నాడు.

వచ్చినవారు భోజనానికి ఆగలేదు. మరునాడు సంబంధం వద్దని కబురు వచ్చింది. భాగీరథమ్మ సమీనాను నోరారా తిట్టి, ఆమె ఎవరని మధ్యవర్తి రామయ్యను నిలదీసింది.

రామయ్య అలసటగా కూర్చున్నాడు.

"పిల్లోడు తన బీపీ సంగతి నళినికి ఎప్పుడో చెప్పినాడమ్మా. గురప్ప వద్దంటే, 'దారికొచ్చే జబ్బే, నేను దగ్గరుండి చూస్తాను' అని ఒప్పించింది ఆ సమీనా డాక్టరమ్మే. మీ ఇంట్లో మందు వేసుకోనిస్తారో లేదో చూసేదానికి వచ్చింది."

ఇది చదివి తల ఊపి పేజీ తిప్పకండి. మెడ అలా నల్లబడి ఉంటే, మీ పిల్లవాణ్ణి రేపు పరగడుపున రక్తపరీక్షకు తీసుకువెళ్ళండి.