సంతకం పెట్టని ఇల్లు

పద్మజ వేసిన సాంబ్రాణికి జెర్సీ సిటీలోని ఆ పన్నెండంతస్తుల బిల్డింగ్ మొత్తం మంచులోకి దిగింది.

అలారం మోగడం ఇది మూడో శుక్రవారం.

ఎదురు ఫ్లాటు ముసలాయన దారా స్వెటర్ లేకుండా వణుకుతున్నాడు. ఎక్కడో దూరదేశం నుంచి వచ్చి ఒంటరిగా ఉంటాడు.

"సారీ అండీ. దేవుడికి ధూపం వేశాను," అంది ఇంగ్లీషులో.

"మనమందరం దిగాం. మీ దేవుడు దిగలేదేం?" అన్నాడు దారా.

"మీకు నమ్మకం లేదా?"

"లేదు," అన్నాడు, టైము చెప్పినంత మామూలుగా.

పద్మజ లెంపలేసుకుంది, ఆయన తరఫున కూడా.

వారం తిరక్కుండా లీజింగ్ ఆఫీసు నుంచి మెయిల్. పొగ మీద కంప్లైంట్ వచ్చిందట. ఆ అంతస్తులో అందరూ సంతకాలు పెడితే వీళ్ల లీజు రెన్యూ చెయ్యరట.

"ఇంకెవరు, ఆ నాస్తికుడే!"

"ముందా ధూపం ఆపవే," అన్నాడు భర్త సత్యం. "పిల్ల స్కూలు మధ్యలో ఇల్లెక్కడ వెతకను?"

"దేవుడి దగ్గర పొగ లేకపోతే అది ఇల్లెలా అవుతుందండీ?"

మర్నాడు పులిహోర కలిపి అంతస్తంతా పంచింది. ఎదురు తలుపొక్కటే తట్టలేదు.

అందరూ "సో యమ్మీ" అన్నారు. నెలాఖరుకి లీజు రెన్యూ అయింది.

"చూశారా, స్వామి మహిమ!"

"పులిహోర మహిమ," అన్నాడు సత్యం.

ఏప్రిల్‌లో ఎదురు ఫ్లాటు ఖాళీ చేయించారు. దారా ఆస్పత్రిలో పోయాడట. నా అన్నవాళ్లు ఎవరూ లేరట.

లీజు కాగితాలకి వెళ్తే ఆఫీసులో పనిచేసే తెలుగమ్మాయి ఆద్య అడిగింది.

"ఆంటీ, ఆ అంకుల్ మీ ఫ్రెండా?"

"ఫ్రెండా! కంప్లైంట్ పెట్టిందే ఆయన."

"నో ఆంటీ. మీ ఫ్లోర్‌లో అందరూ సైన్ చేశారు. అంకుల్ ఒక్కరే చెయ్యలేదు. అందుకే కేస్ క్లోజ్ చేశాం. సైన్ ప్లేస్‌లో ఇది రాశారు."

పంచిన పులిహోర డబ్బాలన్నీ వరసగా పద్మజ కళ్లముందు కదిలాయి.

కాగితం చదివింది. మళ్లీ చదివింది. తనకు తెలియకుండానే కాళ్ల చెప్పులు విడిచింది.

'ఆమె పూజ మాన్పించడానికి నేను సంతకం పెట్టను. మతం లేనివాడికి చోటు లేని దేశం మాది. దేవుణ్ణి నమ్ముతున్నానని ఒక్క సంతకం పెడితే వదిలేస్తామన్నా పెట్టక, అక్కడ పదకొండేళ్లు జైల్లో ఉన్నవాణ్ణి నేను.'