వాఫుల్ గారి నిగ్రహం

ఈ పరీక్ష వాఫుల్ ఎలాగైనా తప్పాలని హార్డ్‌వేర్ షాపు ముందు నిలబడి లోర్నా దేవుణ్ణి వేడుకుంటోంది.

వాఫుల్ ఆమె పెంచిన కుక్కపిల్ల. ఏడాది పాటు ఇంట్లో పెట్టుకుని, బుద్ధులు నేర్పి, చూపులేనివాళ్లకు దారి చూపే కుక్కల్ని తయారుచేసే స్కూలుకు అప్పగించాలన్నది ఒప్పందం. ఇవాళ నెగ్గితే సోమవారం వాడు వెళ్లిపోతాడు. ఇవాళే కాదు, ఆ తర్వాత ఎప్పుడు తప్పినా పెంచినవాళ్లకే తిరిగి ఇచ్చేస్తారు.

తన కోరిక పక్కనే నిలబడ్డ మొగుడు మెర్విన్‌కి చెప్పే ధైర్యం మాత్రం ఆమెకు లేదు. వారం రోజులుగా ఆయనది ఒకటే పాట.

"వీడు వెళ్లిన మర్నాడే వీడి పరుపు తీసుకెళ్లి చర్చి వాళ్ల పాత సామాన్ల కొట్లో పడేస్తా. సోఫా నిండా బొచ్చు, చెప్పులకి బొక్కలు! ఇక ప్రాణం హాయిగా ఉంటుంది."

"నాకు మాత్రం ఉండదేంటి?" అంటుంది లోర్నా. అనేసి వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకుంటుంది.

స్కూలు తరఫున పరీక్ష పెట్టడానికి వచ్చిన బ్రోన్విన్ నవ్వుతూ దగ్గరికొచ్చింది. "కంగారేం లేదండీ. అదిగో, ఆ సాసేజ్‌ల పొయ్యి పక్కనుంచి వాణ్ణి ఒక్కసారి నడిపించండి. కింద పడింది ముట్టుకున్నాడో, తప్పినట్టే."

శనివారం కావడంతో షాపు గుమ్మం పక్కనే ఫుట్‌బాల్ క్లబ్ వాళ్లు చందాల కోసం సాసేజ్‌లు కాల్చి అమ్మే పొయ్యి పెట్టారు. పెనం మీద ఉల్లిపాయలూ మాంసం కూరిన సాసేజ్‌లూ చుయ్‌మంటున్నాయి. కారు పార్కింగంతా ఘుమఘుమలే. ఎంత బుద్ధిమంతుడైన కుక్కపిల్లయినా ఇక్కడ బోర్లా పడాల్సిందే. దానికి తోడు తన వంతు ఏర్పాటేదో లోర్నా పొద్దున్నే చేసిపెట్టింది కూడా. అందుకే ధైర్యంగా పగ్గం పట్టుకుని బయల్దేరింది.

వాఫుల్ పెళ్లికొడుకులా ఒక్కో అడుగే వేస్తూ నడిచాడు. సరిగ్గా పొయ్యి దగ్గరికి రాగానే ఎవరో పాప చేతిలోని బ్రెడ్డులోంచి సాసేజ్ జారి వాడి ముక్కు కిందే పడింది.

'పట్టరా నాన్నా, పట్టు!' అని లోర్నా మనసులోనే అరిచింది.

వాఫుల్ దాన్ని చూశాడు. ఆవలించాడు. దాటుకుని వెళ్లిపోయాడు.

పొయ్యి దగ్గరున్న పెద్దాయనకు పౌరుషం వచ్చింది. పటకారుతో వేడి వేడి సాసేజ్ ఒకటి తీసి వాడి ముందు ఆడించాడు. "ఏరా, మా సాసేజ్‌లంటే అంత చిన్నచూపా నీకు?"

వాఫుల్ కన్నెత్తి కూడా చూడలేదు. పైగా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

బ్రోన్విన్ ముక్కున వేలేసుకుంది. "ఇన్నేళ్లలో ఇంత నిగ్రహం ఉన్న కుక్కని నేను చూళ్లేదు! పాస్!"

"భేష్!" అని మెర్విన్ చప్పట్లు కొట్టాడు. ఎందుకో ఆయన గొంతు కీచుమంది.

కారెక్కగానే లోర్నా బావురుమంది. వెనక సీట్లో వాఫుల్ కాళ్లు బారజాపి వెల్లకిలా పడుకున్నాడు.

"నువ్వు తిట్టినా సరే, చెప్పేస్తా మెర్విన్. వీణ్ణి వదిలి నేనుండలేను. వీడు తప్పాలనే, పొద్దున నువ్వు గడ్డం గీసుకుంటుంటే నాలుగు సాసేజ్‌లు తినిపించా. రుచి మరిగితే ఇక్కడ ఎగబడతాడనుకున్నా."

మెర్విన్ నీళ్లు నమిలాడు. "నాలుగే పెట్టావా?"

"ఏం?"

"నువ్వు తల దువ్వుకుంటుంటే మిగతా ప్యాకెట్టంతా నేను పెట్టేశా."

లోర్నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. "నువ్వా? పరుపు పడేస్తానని వారం రోజులుగా నా ప్రాణం తీసిందెవరు?"

"పడేస్తానంటే వద్దంటావేమోనని చూశానే! ఒక్కసారైనా వద్దన్నావా? నీకే అక్కర్లేనప్పుడు నేనొక్కణ్ణీ కూర్చుని ఏం ఏడవను?"

వెనక సీట్లోంచి బ్రేవుమని పెద్ద తేన్పు వినిపించింది. కారంతా సాసేజ్ వాసన.

"ఇదన్నమాట నిగ్రహం," అని మెర్విన్ తల బాదుకున్నాడు. "మన చేతులతో మనమే పాస్ చేయించి పంపించేస్తున్నాం!"

ఇద్దరూ దిగాలుగా కూర్చున్నారు. ఇంతలో ఎవరో కిటికీ అద్దం మీద తట్టారు. చూస్తే బ్రోన్విన్, మొహం వెలిగిపోతోంది.

"మంచి కబురు! ఇప్పుడే ఆఫీసుతో మాట్లాడా. స్కూల్లో శిక్షణ అవగానే వాఫుల్ ఎవరి దగ్గరికి వెళ్తాడో తెలిసిపోయింది. టానుండా ఊళ్లో చూపులేని ఒకాయన ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాడు. పాపం, ఆయనకి ఏ కుక్కనిచ్చినా వారం తిరక్కుండా వెనక్కి తెచ్చుకోవాల్సి వస్తోంది. వీడి నిగ్రహం గురించి చెప్పగానే అందరూ ఎగిరి గంతేశారు."

"ఇంతకీ ఏం చేస్తాడాయన?" అంది లోర్నా నీరసంగా.

"సాసేజ్‌ల కొట్టు. వాఫుల్ పగలంతా ఆయన కాళ్ల దగ్గరే ఉంటాడు!"

బ్రోన్విన్ చెయ్యూపి వెళ్లిపోయింది. లోర్నా కళ్లు తుడుచుకుని సీటు బెల్టు పెట్టుకుంది.

"మెర్విన్, ఇంటికెళ్లగానే ఆ పరుపు ఉతికి ఎండలో వెయ్యి. వాడొచ్చేసరికి మెత్తగా ఉండాలి."