పిల్ల నీకే వస్తది

“పిల్ల నీకే వస్తది. దాని గురించి ఫికర్ పెట్టుకోకు,” అంది వకీలు అండాలు.

రూప ఇంకా ఆ ప్రశ్న అడగనేలేదు. అది అడగడానికే చిట్యాలలో బస్సెక్కి నల్లగొండ దాకా వచ్చింది. తను పనిచేసే మందుల కంపెనీలో ఒంట్లో బాగాలేదని చెప్పింది. ఇంట్లో కంపెనీకి పోతున్నానని చెప్పింది.

అండాలుకు అరవై దాటాయి. గడియారం సెంటర్ వెనక సందులో ఇంటి ముందు గదే ఆమె ఆఫీసు. వచ్చిన ఆడవాళ్లందరినీ బిడ్డా అనే పిలుస్తుంది. రూప కుడిచేతి చిటికెన వేలు వంగకపోవడం అప్పటికే చూసింది.

“తాగి కొడతడా?”

“తాగడు మేడం. ఉత్తగనే కొడతడు.”

బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పింది రూప. భర్త విజేందర్ లారీ నడుపుతాడు. లోడు దొరకని రోజు కొడతాడు. దొరికిన రోజు, నిన్న నన్నెందుకు చిన్నచూపు చూశావని కొడతాడు. వేలు విరిగినప్పుడు తనే బండి మీద దవాఖానకు తీసుకెళ్లి, తలుపు సందులో పడిందని డాక్టరుకు తనే చెప్పాడు. రూప ఇవన్నీ వరసగా చెప్పుకుపోయింది. ఏడవలేదు. ఏడుస్తుందేమోనని అండాలు ముందుకు జరిపిన మంచినీళ్ల గ్లాసు అట్లాగే ఉంది.

ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు వచ్చావని అండాలు అడిగింది.

సుమన నాలుగో తరగతి చదువుతోంది. ఈమధ్య నాయిన గొంతు లేచిందంటే చాలు, ఆ పిల్ల లేచి వెళ్లి టీవీ సౌండు పెంచుతోంది. కళ్లు బొమ్మల మీదే పెట్టి కదలకుండా కూర్చుంటోంది. అది చూసి వచ్చానంది రూప.

“ఒక్కతేనా? ఇంకొకరిని వద్దనుకున్నరా?”

“నేనే వద్దనుకున్న మేడం. దీనికి తక్కువైతదని.”

అండాలు తలూపింది. అందరికీ చెప్పేవే ఈమెకూ చెప్పింది. విడాకులు అడగడానికి కొట్టడం ఒక్కటి చాలు. ఆయన ఒప్పుకోకపోయినా కేసు వేయొచ్చు, కాకపోతే టైం పడుతుంది. దవాఖాన చీటీలుంటే పారేయొద్దు. రూపకు జీతం వస్తున్నా పిల్ల ఖర్చులో తండ్రి తన వంతు ఇవ్వాల్సిందే. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది, తండ్రి ఆదివారాలు వచ్చి చూసిపోవచ్చు. జడ్జి పిల్లను లోపలికి పిలిచి ఎవరి దగ్గర ఉంటావని అడిగినా అడగొచ్చు.

“నా దగ్గర్నే ఉంటనంటది,” అంది రూప. ఆ ఒక్క మాటలో కాస్త ప్రాణం ఉంది.

మరి ఇంకేం భయమని అడిగింది అండాలు.

అప్పుడు రూప అత్త సంగతి చెప్పింది. అత్త బిక్షమ్మ ఒకటే మాట మీద ఉంది. నువ్వు పోతే పో, పిల్ల మా రక్తం, గడప దాటనియ్యను అంటోంది. చిన్నప్పుడు సాకింది నేనేనని కోర్టుకొచ్చి మరీ చెబుతానంటోంది.

అండాలు నవ్వింది. “ముసలామె మాటలకు భయపడ్తవా? సాకినోళ్లందరికీ హక్కొస్తే కోర్టులు నడుస్తయా? కోర్టు ముందుగాల చూసేది ఇద్దర్నే బిడ్డా. కన్నతల్లిని, కన్నతండ్రిని. ఎంత పాణం పెట్టి పెంచినా సరే, పెంచినోళ్లు వాళ్ల తర్వాతనే.”

“ఇద్దర్ల ఒక్కరే ఉంటే?”

“ఒక్కరున్నా వాళ్లదే ముందు. గుండె మీద చెయ్యేస్కొని ఇంటికి పో.”

రూప గ్లాసు అందుకుని నీళ్లన్నీ తాగింది. మళ్లీ వస్తానని లేచింది. వచ్చేటప్పుడు ఏమేం తేవాలో అండాలు చెబుతుంటే సరే సరే అంటూనే చెప్పులు వేసుకుంది.

చట్టమంతా తన దిక్కే ఉన్నా ఈమె ముఖం అట్లా వాడిపోయిందేమిటో అండాలుకు అర్థం కాలేదు. చివరి నిమిషంలో మొగుడి మీదికి మనసు పోయే ఆడవాళ్లను ఆమె చాలామందినే చూసింది. ఈమె కూడా అంతే అనుకుంది.

బస్టాండులో నిలబడి రూప పానగల్‌కు ఫోన్ చేసింది. అక్కడ కిరాయికి మాట్లాడుకున్న గది ఇంకెవరికైనా ఇచ్చుకోమంది. ఏమైందని ఇంటామె అడిగితే, పిల్లకు బడి కుదరలేదని చెప్పింది. బస్సులో కిటికీ పక్కనే కూర్చుంది. నార్కట్‌పల్లి ఎప్పుడు దాటిందో తెలియలేదు.

ఇంటికి చేరేసరికి సుమన గడప మీద కూర్చుని ఉంది.

“గింత ఆలిశెమైందేందమ్మా?”

రూప ఆ పిల్లను ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పింది. దువ్వి మళ్లీ అల్లింది. చెదరని జడే అది.

పొద్దుగూకుతుండగా విజేందర్ వచ్చాడు. రూప కంపెనీకి పోలేదని ఎవరో చెప్పారట. చొక్కా చేతులు పైకి మడుస్తూ లోపలికి నడిచాడు.

సుమన లేచి టీవీ సౌండు పెంచింది.

తర్వాత రూప ముఖం కడుక్కుని అందరికీ అన్నం పెట్టింది. విజేందర్ తిని పడుకున్నాడు. బిక్షమ్మ మాత్రం పళ్లెం ముందు నుంచి లేవకుండా కోడలి ముఖంలోకి చూసింది.

“పోతవా, ఉంటవా?”

“ఉంట అత్తా.”

తెల్లారితే పెత్రమాస, పోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చే రోజు. పొద్దున్నే తలస్నానం చేసి వచ్చిన సుమన, రూప గుచ్చిచ్చిన బంతిపూల దండను తీసుకెళ్లి, గోడ మీదున్న తన కన్నతల్లి ఫొటోకు వేసింది.