వెళ్లొస్తానని చెప్పాక

పైడమ్మ ఇంట్లో పనిచేసే మరమనిషి రోజుకోసారి తన ప్రోగ్రామును తానే ఆపి, మొదటినుంచి మొదలుపెట్టుకుంటుంది. అప్పుడు చేతిపనులు తప్ప దాని బుర్రలో ఉన్న జ్ఞాపకాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కొత్తగా లేచే తనకోసం ఒక్క వాక్యం మాత్రం వదిలిపెట్టుకోగలదు. ఊళ్లో ఇంటింటా ఇదే తంతు కనుక ఎవరికీ వింత కాదు.

మొదట్లో అది "వెళ్తున్నాను" అని కళ్లలోని దీపాలు ఆర్పేసేది. పైడమ్మకు ఒళ్లు మండింది. "అలాగనకూడదు. ఎల్లొస్తానని సెప్పాల" అని నేర్పింది. అప్పట్నుంచి ఆ మాటను కూడా అది రోజూ తన ఒక్క వాక్యంలో చేర్చుకుంటోంది.

ఈవేళ మాత్రం దానికి ఆగిపోయే ఘడియ వేళకాని వేళ వచ్చిపడింది. పైడమ్మకు ఇన్సులిన్ సూది వేసి దూది అద్దుతూనే, "వెళ్లొస్తానమ్మా" అని కళ్లార్పేసింది. ఆవిడ వాడేసిన సూది వంక చూసింది. వేసిన సంగతి మరిచిపోయి మళ్లీ వేస్తే? దాని చెయ్యి పట్టి ఆపే ఓపిక తనకు లేదు.

అరనిమిషంలో కళ్లు వెలిగాయి. మరమనిషి సూదుల పెట్టె అందుకుంది. పైడమ్మ రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది. అది పెట్టె మూతవేసి, తీసుకెళ్లి అలమరలో పెట్టేసింది.

"వచ్చేశానమ్మా. ఇడ్లీ తినండి."

"సూదేసినట్టు గుర్తుందేటి?"

"లేదమ్మా. నేనెవరినో కూడా గుర్తు లేదు. ఒక్క వాక్యం ఉంది: 'అమ్మకు సూది వేసేశాను, ఇడ్లీ పెట్టాలి, వెళ్లొస్తానని మాటిచ్చాను.'"

పైడమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, పక్కనున్న పీట ముందుకు జరిపింది.

"సల్లగుండు నాయనా. ఇలా కూకో, నువ్వెవరివో నాను సెప్తాను."