నా గొంతు చెప్పిన వార్త

వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. హాల్లో నా గొంతు యుద్ధవార్తలు చెబుతోంది.

రిటైరయ్యేటప్పుడు రేడియో వాళ్లకు నా గొంతు రాసిచ్చేశాను. ఇప్పుడు ఆ గొంతుతో వార్తలన్నీ యంత్రమే చదువుతుంది. మా వీధివాళ్లు మాత్రం నమ్మరు. వార్తలవ్వగానే కూరగాయల బండి దగ్గర నన్ను చూసి, "అప్పుడే వచ్చేశారా?" అంటారు.

నేను యుద్ధరంగం నుంచి వార్తలు చెప్పే రోజుల్లో, చనిపోయినవాళ్ల పేర్లు చదివేముందు ఒక్క క్షణం ఆగి గుటక వేసేదాన్ని. యంత్రం దాన్నీ వదల్లేదు.

హాల్లో గొంతు ఆగింది. గుటక వినిపించింది. అలవాటుగా నా చేతులూ ఆగాయి.

"సైనిక ఆసుపత్రిపై బాంబు పడింది. మృతుల్లో డాక్టర్ కొడవటి నీలవేణి..."

నీలవేణి మా అమ్మాయి. మాకింకా ఎవరూ ఫోనైనా చెయ్యలేదు. మా ఆయన రేడియో వంక చూసి, నా వంక చూశారు.

ఎదురింటి కామాక్షి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కడుపున పుట్టిన పిల్ల పేరు, గొంతైనా వణక్కుండా ఎలా చదివావు వదినా?"

నోరు తెరిచాను. హాల్లో నా గొంతు రేపటి వాతావరణం చెబుతోంది.