హ్యాకర్ అంటే దొంగే

“ఆ మాట ఇంకొక్కసారి చెప్పండి మేడమ్, రాసుకోవాలి,” అన్నాడు ఉద్యోగాల ఏజెన్సీ మనిషి, పెన్ను విదిలిస్తూ.

“దొంగ,” అంది ఆమె. “హ్యాకర్ అంటే దొంగే. ఇంకో అర్థం లేదు. ఉందన్నవాడు కూడా దొంగే.”

అతను ఆమె వంక వింతగా చూసి రాసుకున్నాడు.

పావుగంట కిందట తలుపు తట్టి, ఆమె పాత చీఫ్ రాసిన కాగితం విషయమై వచ్చానని చెప్పాడతను. ‘పాత చీఫ్’ అనగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ పైన అతను చెప్పింది సగం చెవికెక్కనే లేదు. ‘హ్యాకర్’ అన్న మాట మాత్రం సూటిగా దిగింది. ముసలాడు ఇంకా మారలేదన్నమాట! ఆఫీసులో ఉన్నప్పుడూ అంతే, “మేం పాతకాలం హ్యాకర్లం” అంటూ మీసం మెలేసేవాడు. ఇప్పుడు దరఖాస్తులో కూడా ఆ బిరుదు తగిలించుకున్నాడు కాబోలు.

నాలుగేళ్ల కిందట ఆ మాటే ఆమె కొంప ముంచింది. ఆఫీసు ప్రోగ్రాం ఒకటి మూడు రోజులు మొరాయిస్తే, ఎవరికీ తోచని దారిలో లోపలికి వెళ్లి ఒక్క పూటలో నడిపించింది. చీఫ్ సంబరం పట్టలేక యజమానుల ముందే “ఇదిగో మన హ్యాకర్!” అని చప్పట్లు కొట్టాడు. నెల తిరక్కుండా కస్టమర్ల వివరాలు బయటికి పొక్కాయి. యజమానులు ఇంకెవరినీ విచారించలేదు. హ్యాకర్ ఎదురుగా ఉండగా దొంగ కోసం వెతకడమెందుకు? గేటు దగ్గర సంచి కుమ్మరించి మరీ పంపేశారు. చీఫ్ వెనకాలే ఆయాసపడుతూ వచ్చి, “మా తరంలో అంతకు మించిన మెచ్చుకోలు లేదమ్మా, వాళ్లకు చెబుతాను,” అన్నాడు. ఏం చెప్పాడో ఏమో, ఉద్యోగమైతే తిరిగి రాలేదు.

అప్పటి నుంచి అక్క ఇంట్లో ఉంటూ టైపింగ్ పనులు చేస్తోంది. బావ మంచివాడే గానీ నోరు ఊరుకోదు. చుట్టాలొస్తే చాలు, “బీరువా తాళాలు జాగ్రత్త, మా మరదలు హ్యాకర్!” అంటాడు. అందరూ పడీ పడీ నవ్వుతారు. ఆమె వంటింట్లోకి వెళ్లి పళ్లు నూరుకుంటుంది, బావ మీద కాదు, చీఫ్ మీద. మూడు ఏజెన్సీల్లో పేరిచ్చింది. ఎక్కడి నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. చీఫ్ కోసమైతే ఏజెన్సీ మనిషే ఈ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు!

“మా కమిటీలో ఇద్దరు ప్రోగ్రామర్లున్నారు మేడమ్,” అన్నాడతను. “ఈ ఒక్క మాట మీద జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు. ఒకాయనేమో, యంత్రం లోతు చూసిన నేర్పరినే హ్యాకర్ అంటారు, దొంగలకు ఆ పేరు పేపర్లవాళ్లు తగిలించారు అంటాడు. ఇంకొకాయన, అదంతా మన ముచ్చటేనయ్యా, లోకానికి మాత్రం హ్యాకర్ అంటే కన్నం వేసేవాడే అంటాడు. ఎటూ తేలలేదు. అనుమానముంటే మిమ్మల్నే అడగమని చీఫ్ గారు కూడా రాశారు.”

“నన్నే అడగమన్నాడా!”

ఆమెకు నవ్వాగలేదు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

మొదటాయన చెప్పిందే నిజమని ఆమెకు తెలుసు. ఒకప్పుడు ఆ మాట వింటే ఛాతీ ఉప్పొంగేది. ఇవాళ ఆ గర్వం ఎవడిక్కావాలి? నాలుగేళ్లు తను మింగిన చేదు ఆయన కూడా ఒక్క గుక్క మింగాలి, అంతే.

“ఉద్యోగం పెద్ద ఆస్పత్రిలో. వేలమంది రోగుల వివరాలు ఆ ఒక్క మనిషి చేతిలో ఉంటాయి. మరి అలాంటి చోట...”

“గుమ్మం తొక్కనివ్వకండి.”

పెన్ను ఆగిపోయింది. “సరదాకి అనడం లేదు కదా?”

“దొంగ చేతికి తాళాలివ్వమని సరదాకైనా అంటారా ఎవరైనా?”

“అప్పట్లో ఆ ఆఫీసులో వివరాలు పొక్కాయట. అందులో కూడా ఈ హ్యాకర్ చెయ్యి ఉందంటారా?”

ఆమె గుండె ఒక్కసారి దడదడలాడింది. చీఫ్ అలాంటివాడు కాదు. కానీ తనను అన్నప్పుడు ఎవరి గుండె దడదడలాడింది కనుక?

“నిప్పు లేనిదే పొగ రాదు కదండీ. అదీ రాసుకోండి.”

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇలాంటి జవాబు ఎవరూ చెప్పలేదు. ఇంకోసారి ఆలోచించండి మేడమ్. ఈ కాగితం పైకి వెళ్లిందంటే ఈ ఊళ్లో ఏ ఏజెన్సీ ఇక ఆ పేరు ముట్టుకోదు. ఒక మనిషి బతుకు ఇది.”

“నాలుగేళ్లుగా ఆలోచించే చెబుతున్నాను.”

“అయితే సంతకం పెట్టాలి.”

“ఒక్కటేనా? కావాలంటే నాలుగు పెడతాను.”

పెన్ను లాక్కుని పెట్టేసింది. అతను కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, మంచినీళ్లు తాగి లేచాడు. ఆమెకు ప్రాణం హాయిగా ఉంది. ఉసురు ఊరికే పోతుందా అనుకుంది. గుమ్మం దాకా సాగనంపి, ఇంక ఉండబట్టలేక అడిగేసింది.

“పాపం, ఈ వయసులో ముసలాయనకు ఇంకెక్కడ దొరుకుతుందండీ ఉద్యోగం?”

మెట్టు దిగబోయినవాడు వెనక్కి తిరిగి తెల్లబోయి చూశాడు.

“ఆయనకు ఉద్యోగమేంటి మేడమ్?” అన్నాడు.

“ఆయన రాసింది మీ గురించి కదా!”